పాత బొలెరో పికప్ కొంటున్నారా? ఏం చూడాలి, ఏ రిపేరుకు ఎంత అవుతుంది

శ్రీకాకుళం, విజయనగరం వైపు పాత పికప్ కొనాలనుకునేవాళ్లు ముందు అడిగేది ఏ మోడల్ తీసుకోవాలి, ఎంతకు తీసుకోవాలి అని. అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఈ బండి ఇన్నాళ్లూ ఏం మోసింది, ఏ దారిలో తిరిగింది? ఒకే ఏడాది మోడల్, ఒకే రంగు బండ్లు రెండు పక్కపక్కన పెట్టారనుకోండి, ఒకటి పలాసలో జీడిపప్పు డబ్బాలు తిప్పినది, రెండోది భావనపాడు నుంచి చేపలు తెచ్చినది అయితే ఆ రెండూ ఒక ధర బండ్లు కానే కావు. మీటరు చెప్పే కిలోమీటర్ల కన్నా మోసిన సరుకే బండి ఆరోగ్యం గురించి నిజం చెబుతుంది, ఎందుకంటే మీటరు తిప్పేయొచ్చు గానీ చాసిస్‌కి, అంటే బండి కింది ఇనుప చట్రానికి పట్టిన ఉప్పుని ఎవరూ తిప్పలేరు.

మన దగ్గర ఎక్కువగా దొరికేది బొలెరో పికప్ కాబట్టి దాన్నే పెట్టుకుని చెబుతున్నాను. టాటా ఏస్ అయినా, అశోక్ లేలాండ్ దోస్త్ అయినా చూసే పద్ధతి ఇదే, సామాను రేట్లు మాత్రం మారతాయి. నేను రాసే ఖర్చులు బయట షెడ్డులో అయ్యే సుమారు లెక్కలు. షోరూమ్ సర్వీసుకి వెళ్తే ఎక్కువవుతాయి, డూప్లికేట్ సామాను వేయిస్తే తగ్గుతాయి, కానీ డూప్లికేట్ క్లచ్ ప్లేటు వేయించి ఏడాది తిరక్కుండా మళ్లీ గేర్ బాక్స్ దింపించుకోవడం కంటే మొదటే మంచిది వేయించుకోవడం మేలు.

ముందు బండి చరిత్ర తెలుసుకోండి

అమ్మే ఆయన్ని నేరుగా అడగండి, తర్వాత బండిని అడగండి. ఆయన కూరగాయలు అంటాడు, తొట్టి మూలల్లో ముక్కు పెట్టి చూస్తే చేపల వాసన వస్తుంది. ఎంత కడిగినా రేకు అతుకుల్లో, డాలా (తొట్టి తలుపు రేకు) కింద ఆ వాసన పోదు. చేపల బండిలో ఐసు కరిగిన ఉప్పునీళ్లు రోజూ తొట్టిలోంచి కారి నేరుగా చాసిస్ మీద, వెనక కమాన్ల (బరువు మోసే స్ప్రింగు పట్టీల) మీద, బ్రేకు పైపుల మీద పడతాయి. కళింగపట్నం, భావనపాడు, అటు పూసపాటిరేగ మండలంలో చింతపల్లి తీరం, ఇవన్నీ చేపల బండ్లు తిరిగే చోట్లే. నౌపడ ఉప్పు మోసిన బండికీ ఇదే గతి.

టెక్కలి వైపు గ్రానైట్ మోసిన బండి అయితే తుప్పు ఉండకపోవచ్చు, దాని బాధ వేరు. ఒకటిన్నర టన్ను మోయాల్సిన బండి మీద మూడు టన్నులు ఎక్కించి ఉంటారు. వెనక కమాను కట్టలో కంపెనీ ఇచ్చిన వాటికంటే అదనంగా పట్టీలు వేసి ఉంటే, తొట్టి పక్క రేకులు బయటికి ఉబ్బి ఉంటే, నేల రేకు మధ్యలో గుంటలు పడి ఉంటే అది లోడు బండి అని అర్థం. సాలూరు దాటి ఘాట్ ఎక్కి కొరాపుట్ వైపు తిరిగిన బండిలో క్లచ్చు, బ్రేకులు, గేర్లు అరిగి ఉంటాయి. పాల బండి, వాటర్ క్యాన్ల బండి కిలోమీటర్లు ఎక్కువ తిరిగినా లోడు తక్కువే, అందుకే నాకైతే రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన పాల బండి, ఎనభై వేలు తిరిగిన గ్రానైట్ బండి కంటే నయం అనిపిస్తుంది. పట్టణంలో షాపు షాపుకీ ఆగే బండికి క్లచ్చు, సెల్ఫ్ మోటారు ముందు పోతాయి, అవి చిన్న ఖర్చులే.

ఇంకో మాట, 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాన్లు వచ్చాయి కదా. అప్పటికే ఉన్న బండి అయితే నీళ్లలో మునిగిందా అని అడగండి. డ్యాష్ బోర్డు కింద వైర్ల కట్టలో ఎండిన బురద, సీటు బోల్టుల మీద తుప్పు కనిపిస్తే ఎవరేం చెప్పినా మునిగిందనే అనుకోండి.

బండి కింద పడుకుని చూడండి

ఇంజన్ శబ్దం వినడానికి అందరూ తొందరపడతారు. నేను మాత్రం ముందు చాసిసే చూడమంటాను, అది బాగోలేకపోతే మిగతావి చూడక్కర్లేదు కాబట్టి. ఒక గోనెసంచి పరుచుకోండి, చేతిలో చిన్న సుత్తి, మంచి టార్చి ఉండాలి. వెనక కమాను కట్ట చాసిస్‌కి తగులుకునే బ్రాకెట్ దగ్గర మొదలుపెట్టి ముందుకు వస్తూ సుత్తితో మెల్లగా కొట్టండి. గట్టి ఇనుము ఖణేల్‌మని మోగుతుంది. తుప్పు తినేసిన చోట శబ్దం మొద్దుబారిపోయి, పొరలు పొరలుగా గోధుమరంగు పెచ్చులు మీ ముఖం మీద రాలతాయి. పైకి నల్ల రంగు నిగనిగలాడుతూ ఉంటే ఇంకా జాగ్రత్త, అమ్మకానికి పెట్టే ముందు అండర్ కోటింగ్ కొట్టించడం మామూలే. అలాంటి చోట స్క్రూడ్రైవర్ మొన పెట్టి నొక్కండి, లోపలికి దిగిందంటే లేచి చేతులు దులుపుకుని ఇంటికి వచ్చేయండి.

చాసిస్‌కి వెల్డింగ్ ప్యాచీలు ఉన్నాయా, రెండు పక్కలా ఎత్తు సమానంగా ఉందా చూడండి. వెనక నిలబడి చూస్తే తొట్టి ఒక పక్కకి వాలి కనిపించవచ్చు, అది ఒక కమాను పట్టీ విరిగినందువల్ల కావచ్చు, చాసిస్ వంగినందువల్ల కూడా కావచ్చు. పట్టీ విరిగితే ఒక్కోటి పన్నెండు, పదిహేను వందల్లో అయిపోతుంది, కట్ట మొత్తం మార్చినా ఒక పక్కకి ఏడెనిమిది వేలు. చాసిస్ వంగితే మాత్రం ఎంత పెట్టినా టైర్లు ఓరగా అరుగుతూనే ఉంటాయి.

తొట్టి నేల రేకు చిల్లులు పడటం పెద్ద సమస్య కాదు. సాలూరు లారీలకి పేరున్న ఊరు, బాడీ పని చేసేవాళ్లు అక్కడ దొరుకుతారు, రేకు మందాన్ని బట్టి పాతిక వేల నుంచి నలభై వేల లోపు నేల కొత్తది వేస్తారు. క్యాబిన్‌లో కాళ్ల దగ్గర మ్యాటు ఎత్తి చూడటం మర్చిపోకండి, అక్కడ చిల్లు పడితే వానాకాలంలో మోకాళ్ల దాకా తడుస్తారు.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి

పొద్దున్నే వస్తానని చెప్పి, నేను వచ్చే దాకా స్టార్ట్ చేయొద్దని ముందు రోజే గట్టిగా చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేయండి. వెచ్చగా ఉందంటే ముందే వేడి చేసి పెట్టారు, అంటే చల్లగా ఉన్నప్పుడు ఏదో కష్టం ఉంది. మర్యాదగానే "మళ్లీ రేపు వస్తానండి" అని చెప్పి వచ్చేయండి.

చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీసి చూడండి (వేడి మీద ఎప్పుడూ తీయకండి, ముఖం కాలిపోతుంది). లోపల కూలెంట్ రంగు కనిపించాలి. తుప్పునీళ్లు కనిపిస్తే ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోస్తున్నారన్నమాట, రేడియేటర్ సగం పూడుకుపోయి ఉంటుంది. నీళ్ల మీద నూనె తెట్టు ఉన్నా, ఆయిల్ డిప్ స్టిక్ మీద పాలు కలిపిన కాఫీ రంగు కనిపించినా హెడ్ గాస్కెట్ (ఇంజన్‌కీ దాని పైభాగమైన హెడ్డుకీ మధ్య ఉండే సీలు) పోయింది, లేదా హెడ్డే పగిలింది. గాస్కెట్ వేసి హెడ్ ఫేసింగ్ (అడుగు చదును చేయడం) కొట్టిస్తే పది నుంచి పదహారు వేలు, హెడ్ పగిలిందంటే ఇంకో ముప్పై వేలు పక్కన పెట్టుకోవాలి. రేడియేటర్ కొత్తది ఆరు నుంచి తొమ్మిది వేలు.

ఇప్పుడు స్టార్ట్ చేయించండి, మీరు సైలెన్సర్ దగ్గర నిలబడండి. మొదట కొద్దిగా తెల్ల పొగ వచ్చి పోతే పర్వాలేదు. ఆగకుండా తెల్ల పొగే వస్తుంటే నీళ్లు కాలుతుండాలి, లేదా ఇంజెక్టర్లు డీజిల్ సరిగా కొట్టకుండా ఉండాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు దట్టంగా నల్ల పొగ వస్తే ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి, కొన్నిసార్లు ఎనిమిది వందల ఫిల్టర్‌తోనే తీరిపోతుంది, తీరకపోతే ఇంజెక్టర్లో, ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బోనో. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది.

ఆ తర్వాత అసలు పరీక్ష. ఇంజన్ ఆడుతుండగా ఆయిల్ పోసే మూత విప్పి, అదే కన్నం మీద తలకిందులుగా ఊరికే పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌లో ఆ మూత కొంచెం వణుకుతూ అక్కడే కూర్చుంటుంది. పిస్టన్ రింగులు, బోర్లు (పిస్టన్లు ఆడే గొట్టాలు) అరిగిన ఇంజన్‌లో కింద నుంచి గాలి తన్నుకొచ్చి మూత గంతులేస్తుంది, కొన్నిసార్లు ఎగిరి పక్కన పడుతుంది, కన్నంలోంచి పొగ గుప్పుగుప్పుమని వస్తుంది, చెయ్యి అడ్డు పెడితే అరచేతికి ఆయిల్ తుంపర్లు అంటుతాయి. ఇది చూశాక ఇంజన్ గురించి ఇంకెవరి మాటా వినక్కర్లేదు. ఇంజన్ బోరు పని మొత్తం, అంటే పిస్టన్లు, రింగులు, బేరింగులు, హెడ్డు పని, మజూరీ అన్నీ కలిపి డెబ్భై వేల నుంచి లక్షా పది వేల దాకా అవుతుంది, క్రాంక్ కూడా పాడైతే అది కూడా దాటుతుంది. అలాగని ఇంజన్ పోయిన బండి కొనకూడదని కాదు, ధరలోంచి లక్ష తగ్గిస్తే, చాసిస్ శుభ్రంగా ఉంటే, నిశ్చింతగా తీసుకోవచ్చు. ఇంజన్ బాగై చాసిస్ పోయిన బండిని మాత్రం తీసుకోకండి.

ఇంజెక్టర్ల సంగతి కొంచెం వివరంగా తెలుసుకోవాలి. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్4 అనే పొగ కాలుష్య నిబంధన వచ్చింది. అంతకు ముందటి పికప్‌లలో చాలావాటికి పాత పద్ధతి పంపు, నాజిళ్లు ఉంటాయి, వాటిని మన ఊళ్లలోనే తక్కువలో సెట్ చేస్తారు. ఆ తర్వాతి కామన్ రైల్ ఇంజన్లకి (డీజిల్‌ని కంప్యూటర్ లెక్క ప్రకారం కొట్టేవి) అలా కుదరదు, టెస్టింగ్ మిషన్ ఉన్న చోటికి, ఎక్కువ మంది వెళ్లేది విశాఖ గాజువాక ఆటోనగర్ వైపు, పట్టుకెళ్లాలి. ఒక్కో ఇంజెక్టర్ బాగుచేయించడానికి నాలుగైదు వేలు, కొత్తది అయితే పన్నెండు వేల పైమాటే, అలాంటివి నాలుగు ఉంటాయి. హై ప్రెజర్ పంపు పని పడితే ఇంకో పదిహేను, ఇరవై వేలు. కల్తీ డీజిల్, నీళ్లు కలిసిన డీజిల్ వీటిని తినేస్తాయి, అందుకే డీజిల్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారో అడగండి. టర్బో ఈల వేసినట్టు గట్టిగా కూస్తుంటే, ఇంటర్ కూలర్ పైపులో ఆయిల్ చెమ్మ ఎక్కువగా ఉంటే దాని పని అయిపోవచ్చింది. బాగుచేయిస్తే పది వేలు, కొత్తది ఇరవై వేలు దాటుతుంది.

నడిపి చూడండి, లోడుతో అయితే ఇంకా మంచిది

వీధి చివర దాకా తిప్పి తెస్తే ఏమీ తెలియదు. హైవే మీద కొంత దూరం, గతుకుల రోడ్డు మీద కొంత, ఏదైనా ఎత్తు ఎక్కేలా కొంత, మొత్తం అరగంట తగ్గకుండా నడపండి. వీలైతే నాలుగు సిమెంటు బస్తాలైనా ఎక్కించండి.

క్లచ్చు ఇలా చూడండి: బండి ఆపి హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, నాలుగో గేరు వేసి మెల్లగా క్లచ్చు వదలండి. ఇంజన్ వెంటనే ఆగిపోతే క్లచ్చు బాగున్నట్టు. ఇంకా ఆడుతూనే ఉంటే ప్లేటు జారుతోంది. ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ సెట్టు, మజూరీ కలిపి తొమ్మిది నుంచి పన్నెండు వేలు. రెండో గేరు పడేటప్పుడు గరగరమంటే లోపల గేర్లు సాఫీగా కలిసేలా చూసే సింక్రోనైజర్ రింగు అరిగింది. దిగుడులో కాలు తీయగానే గేరు దానంతటదే జారి న్యూట్రల్‌కి వచ్చేస్తే అది ఘాట్ తిరిగిన బండి, గేర్ బాక్స్ విప్పాల్సిందే, పదిహేను నుంచి పాతిక వేలు.

ముందుకూ వెనక్కూ గేరు మార్చినప్పుడు కింద టక్‌మని దెబ్బ వినిపిస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్ బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు వెళ్లే రాడ్డు) క్రాసులు పోయాయి, రెండు వేల లోపు పని, టెన్షన్ పడక్కర్లేదు. యాభై, అరవై వేగంలో వెనక చక్రాల మధ్య ఉండే హౌసింగ్‌లోంచి సన్నగా మొదలై వేగంతో పాటు పెరిగే మూలుగు మాత్రం అందులోని పళ్ల చక్రాల జత, క్రౌన్ పినియన్‌ది, దానికి పదిహేను నుంచి పాతిక వేలు రాసుకోండి.

స్టీరింగ్ వదిలితే బండి పక్కకి లాగుతోందా, బ్రేకు కొట్టినప్పుడు లాగుతోందా వేర్వేరుగా గమనించండి. మామూలుగానే లాగితే అలైన్‌మెంట్, టైర్లు, టై రాడ్ ఎండ్లు. బ్రేకు కొట్టినప్పుడే లాగితే ఒక పక్క బ్రేకు పట్టడం లేదు. బ్రేకుల పని నాలుగు చక్రాలకీ చేయిస్తే ఆరు నుంచి తొమ్మిది వేలు, ఇది బేరంలో తగ్గించుకునే వస్తువే గానీ తర్వాత చూద్దామని వదిలేసేది కాదు. ముందు చక్రం జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి, ఆట ఉంటే బేరింగులో, ముందు కూడా కమాన్లు ఉన్న మోడల్ అయితే కింగ్ పిన్నులో అరిగినట్టు. ఐదారు వేల పని.

నడిపి వచ్చాక ఇంజన్ ఆపకుండా టెంపరేచర్ ముల్లు చూడండి, పది నిమిషాలు అలాగే ఉంచండి. ఆ తర్వాత కింద ఎక్కడెక్కడ చుక్కలు పడుతున్నాయో చూడండి. నల్ల చుక్క ఇంజన్ ఆయిల్, చిక్కగా ఘాటు వాసన వేసేది గేర్ ఆయిల్.

టైర్లు రీసోల్ చేసినవా (పాత టైరుకి పైపొర కొత్తది వేసినవా) చూడండి. ఏ ఏడాదివో పక్కన ఉన్న నాలుగంకెలు చూస్తే తెలుస్తుంది, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. కొత్త టైరు ఒక్కోటి ఏడు నుంచి తొమ్మిది వేలు. బ్యాటరీ ఆరేడు వేలు. సెల్ఫ్, డైనమో బాగుచేయించడం రెండు నుంచి నాలుగు వేల లోపు. లైట్లు, వైపర్లు, హారన్ వెలగకపోయినా మోగకపోయినా ఎలక్ట్రీషియన్ ఒక పూటలో సర్దేస్తాడు.

కాగితాల దగ్గర జాగ్రత్త

చాసిస్ మీద కొట్టిన నంబరు ఆర్సీలో ఉన్నదానితో అక్షరం అక్షరం సరిచూడండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ ఉందా లేదా కనిపిస్తుంది, చలాన్లు కూడా చూడండి. ఫైనాన్స్ ఉంటే, అప్పు తీరిందని ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి, "వచ్చే వారం ఇస్తాను బాబూ" అని ఎంత నమ్మకస్తుడు చెప్పినా సరే.

లోడు బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ప్రతి ఏడాదీ ఫిట్‌నెస్ చేయించాలి. పదిహేనేళ్లు దాటితే ఫీజు బాగా పెరుగుతుంది, కాబట్టి పద్నాలుగేళ్ల బండి చవకగా వస్తోందంటే ఆ చవక ఎక్కడి నుంచి వచ్చిందో మీకు అర్థం కావాలి. ట్యాక్స్, గ్రీన్ ట్యాక్స్ బకాయిలు ఎంతో రవాణా ఆఫీసు లెక్క ప్రకారం తెలుసుకుని ధరలో తగ్గించండి. స్థూల బరువు (బండి, సరుకు కలిపి) 3,000 కిలోల లోపు ఉన్న గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు, దాటితే కావాలి, ఆ అంకె ఆర్సీలోనే ఉంటుంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 2022లో నిర్ణయించిన రేటు ప్రకారం ఇలాంటి పికప్‌కి 16,049 రూపాయలు, పన్ను అదనం. పాలసీ అయిపోయిన బండి అంటే ఆ మేరకు ధర తగ్గాల్సిందే.

ఇచ్ఛాపురం, పాతపట్నం, పార్వతీపురం వైపు ఒడిశా బండ్లు చవకగా వస్తాయి. ఓడీ 07 గంజాం, ఓడీ 20 గజపతి, ఓడీ 18 రాయగడ, ఓడీ 10 కొరాపుట్. కొనొచ్చు, తప్పేం లేదు, కానీ అక్కడి రవాణా ఆఫీసు ఎన్‌ఓసీ, ఇక్కడి ట్యాక్స్, కొత్త నంబరు ఖర్చు అన్నీ కలిపాక కూడా చవకగానే ఉందా అని లెక్క కట్టండి. ఎన్‌ఓసీ లేకుండా ఒడిశా నంబరు మీదే తిప్పేద్దామనుకుంటే దారిలో తనిఖీ చేసినప్పుడు దొరికిపోతారు.

ధర కట్టే పద్ధతి

ఒక కాగితం మీద రాయండి. ఆయన మూడు లక్షల ఎనభై వేలు అడిగాడనుకుందాం. మీరు చూసిన దాంట్లో క్లచ్చు పన్నెండు, వెనక టైర్లు రెండు పదహారు, బ్రేకులు ఎనిమిది, తొట్టి నేల ముప్పై, ఇన్సూరెన్స్ పంతొమ్మిది, అంటే ఎనభై ఐదు వేలు. కొన్నాక బయటపడేవాటికి ఇంకో ముప్పై వేలు కలపండి, ఎందుకంటే ఎంత చూసినా ఒకటో రెండో తప్పించుకుంటాయి. ఇలాంటి బండి బాగున్న స్థితిలో మీ ఊళ్లో మూడు ఎనభైకి పోతుంటే మీరు ఇవ్వాల్సింది రెండు అరవై ఐదు దగ్గర. ఆ కాగితం ఆయన ముందే పెట్టి మాట్లాడండి. "బండి గుర్రంలా ఉందండి" అనే మాటకి జవాబు ఆ లెక్కే. దిగకపోతే వదిలేయండి, పికప్‌లు ఎప్పుడూ అమ్మకానికి ఉంటాయి.

ఒక్కరే వెళ్లకండి. రోజూ ఈ బండ్ల మీదే పనిచేసే మెకానిక్‌ని, అమ్మేవాళ్లకి తెలియనివాడిని, వెయ్యో పదిహేను వందలో ఇచ్చి వెంట తీసుకెళ్లండి. బ్రోకరు పంపిన మెకానిక్ వద్దు.

కొన్న వెంటనే

పేరు మార్పు ఫారాలు 29, 30 మీద అమ్మినాయన సంతకాలు డబ్బు ఇచ్చే రోజే తీసుకోండి. పేరు మార్పుకి మీకు 30 రోజులే గడువు, ఇన్సూరెన్స్ మీ పేరు మీదకి మార్చమని 14 రోజుల్లో కంపెనీకి రాయాలి. కిరాయి ఎక్కించే ముందే ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, హౌసింగ్ ఆయిల్, మూడు ఫిల్టర్లు, కూలెంట్, బ్రేకు ఆయిల్ మార్పించి, అన్ని గ్రీజు పాయింట్లకీ గ్రీజు కొట్టించండి, అన్నీ కలిపి తొమ్మిది పది వేలు. పాత ఆయిల్ దింపేటప్పుడు పక్కనే నిలబడి చూడండి, అందులో ఇనుప రజను మెరుస్తుంటే అప్పుడే బేరింగులు విప్పించడం మంచిది. సముద్రం పక్క ఊళ్లలో తిప్పేవాళ్లు వారానికోసారి బండి కింది భాగం మంచినీళ్లతో గట్టిగా కొట్టించి, ఆరాక కమాన్లకీ బ్రాకెట్లకీ పాత ఇంజన్ ఆయిల్ పూయించండి, బ్రేకు డ్రమ్ముల్లోకి మాత్రం చుక్క కూడా పోకుండా చూసుకోండి.